అక్క ఇంట్లో కాపలా బోర్డు

మలేసియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో మా గిడ్డంగి ఆఫీసులో నా మాట ఎవరూ నమ్మరు. తప్పు వాళ్ళది కాదు. క్రేను ఓసారి కంటైనరుతోపాటు అన్నం తింటున్న లారీ డ్రైవర్ని కూడా ఓడలోకి ఎక్కించేసిందనీ, అతను కొలంబోలో దిగి చెయ్యి కడుక్కున్నాడనీ చెప్పింది నేనే. అందుకే ఆ మధ్యాహ్నం, "మా అక్క ఇంట్లో కరెంటు పోయినట్టుంది, వెళ్ళాలి" అంటే సూపర్‌వైజరు తలెత్తలేదు.

"ఏటన్నా, డ్రైవరు మళ్ళీ ఓడెక్కేసినాడేటి లా?" అన్నాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర "లా" తగిలించి.

కారు తాళాలు తీసుకున్నాను.

అక్క క్లాంగ్‌లో ఒంటరిగా ఉంటుంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి. గదిలో గాలినుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను, దాన్నుంచి ముక్కుకి ఒక గొట్టం, అదే ఆవిడ బతుకు. కరెంటు పోతే వాడమని సిలిండరుంది గాని, దాని మర తిప్పే బలం ఆవిడ వేళ్ళకి లేదు. పగలంతా నేను రేవులో ఉంటాను. అందుకని అరచేతిలో ఇమిడే చిన్న బోర్డు కంప్యూటరొకటి ఆవిడ టీవీ వెనక పెట్టాను. ఆఫీసులో నెట్‌వర్కు స్విచ్చుల్నీ కెమెరాల్నీ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరే అందులోనూ వేశాను. అది ఉండుండి ఆక్సిజన్ మిషనుకి పెట్టిన వైఫై ప్లగ్గుని నెట్‌వర్కులో పిలుస్తుంది. ప్లగ్గు పలికితే నాకు కబురొస్తుంది. కబురు ఆగితే నా ఫోను గోల పెడుతుంది. అక్కకి ఇదంతా ఉన్నదున్నట్టు చెబితే ఏం రుచి? "ఇది రోజంతా పిలుస్తూనే ఉంటుంది. నువ్వు దగ్గితే రేవులో నాకు పొలమారుతుంది. అలాంటి ఆయుధం ఇది" అన్నాను.

ఆ రోజు కబురు ఆగింది. అక్క ఫోను స్విచాఫ్.

లారీల వెనక లారీలు. రోజుకో కథ అల్లే నా బుర్ర ఆ దారంతా ఒక్క కథే అల్లింది. దాని ముగింపు మార్చడం మాత్రం చేతకాలేదు.

తలుపు తోసేసరికి మిషను గుయ్యిమంటోంది. దాని నెత్తిన గంధం, కుంకుమ. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. దేవుడి మూల కత్తిపీట, కత్తెర, ఫోను, వాటి పక్కన వైరు చుట్టి పెట్టిన నా బోర్డు, చిప్పు మీద బొట్టుతో సహా.

"ఇయాల ఆయుదపూజ కాదేట్రా? ఆయుదమని నువ్వే కదా అన్నావు. పిలిసి పిలిసి అలిసిపోనాది పాపం, పడుకోబెట్టినాను."

"మరి ఆ పెద్ద మిషనుకి సెలవియ్యలేదే?"

"దానికిత్తే నాకే సెలవొచ్చెత్తాది కదరా!"

నాకు నవ్వు రాలేదు. బోర్డు తీయబోతే చేతిమీద ఒకటి వేసింది. "రేపు అమ్మోరికి ఆరతిచ్చినాకే. అందాకా ముట్టుకోకు."

చేసేదిలేక ఎదురుగా కూర్చున్నాను. అక్క కళ్ళు మూసుకుంది.

"అక్కా."

"ఊఁ."

కాసేపాగి మళ్ళీ పిలిచాను.

"ఉన్నాన్రా. ఊరుకోవేటి?"

మూడోసారి పలకలేదు. మిషను గుయ్యిమంటూనే ఉంది. బోర్డు టీవీ వెనకే ఉంటే ఈ క్షణాన కూడా అంతా బాగుందనే కబురు పంపేది. అది పిలిచేది ప్లగ్గుని. అక్కని కాదు.

లేచి, ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను.

"సెయ్యి తియ్యరా," అంది కళ్ళు తెరవకుండానే, "గాలాడనీ."

వెంటనే తీయలేకపోయాను.