చీర అంచు కట్టిన బండి

ఆ రోజుల్లో కిరాయి అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఆ రోజులంటే మరీ పాతవేం కావు. గద్వాలలో కొత్త కాలనీలు లేచి, ఇల్లు కట్టిన ప్రతివాడికీ ముందర ఇంత పచ్చగడ్డి, రెండు పూలమడులు కావాలనిపిస్తున్న కాలం. ఆ తోటపని నాకు నేర్పింది వనపర్తిలో ఉండే మా మేనమామ. మొక్క నాటడం తేలికే, మా నేలలో గుంత తీయడమే గండం. జానెడు లోతుకే రాయి తగులుతుంది. అందుకని పనున్న రోజు మామ చిన్న ప్రొక్లెయిన్‌ని కిరాయికి తెచ్చేవాడు. సందుల్లో కూడా దూరే పిల్ల యంత్రం అది. సాయంత్రం దాన్ని పంపేసి హాయిగా నిద్రపోయేవాడు. నాకు మాత్రం అది వెళ్లిపోతుంటే కన్నకూతుర్ని అత్తారింటికి పంపినట్టుండేది (అప్పటికి నాకింకా పెళ్లే కాలేదు).

"తోటపని వానలెక్క అల్లుడా," అనేవాడు మామ. "వస్తే వస్తది, లేకుంటె లేదు. కిరాయి బండి పనైనంక దానింటికి అది పోతది. సొంతదైతే నీ ఇంటిముందట కూసోని నీ మొఖమే చూస్తుంటది."

మంచి మాటే. కానీ మాది నేత ఇల్లు. అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసి, పడ్డ మాటలన్నీ మనసులో పెట్టుకున్న మనిషి. "సొంత మగ్గం లేనోనికి ఇజ్జత్ ఏడుంటది బిడ్డా? కొనుక్కో," అని తన బంగారు గాజులు తీసి నా చేతిలో పెట్టింది. వాటిని కుదువపెట్టి, మిగతాది అప్పు తెచ్చి నేను కొన్న బండి వచ్చిన రోజు పసుపు రాసి, పట్టాల కింద నిమ్మకాయలు పెట్టించి, తను నేసిన చీర అంచు ముక్కను జరీ మెరిసేలా దాని మెడకు కట్టింది. మామ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "పెండ్లిపిల్ల లెక్క మంచిగుంది. సాదుడే కష్టం," అని నవ్వాడు.

నాగర్‌కర్నూల్‌లో ఒక రిటైర్డ్ పంతులు గారి కొత్తింటికి పెద్ద తోట ఒప్పుకున్నాను. ఆ పని చూసి నాలుగు పనులొస్తే అమ్మ గాజులు మళ్లీ చేతికొస్తాయని నా లెక్క. ఇంతలో నడి ఎండాకాలంలో, అన్నం ముందు కూర్చున్న మామ కూర్చున్నట్టే పోయాడు. మాలో పూడ్చడమే ఆచారం. బొంద తవ్వడానికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి వంగిన గడ్డపారలతో తిరిగొచ్చారు. "ఎండల ఎంతసేపు పండుకోబెడతరు ఆయనను? జర ఏమన్న చెయ్యి బిడ్డా," అని అత్త నా చేతులు పట్టుకుంది.

బండిని లారీలో వేయించి తెచ్చాను. నా జన్మలో అంత నున్నగా, అంచులు తేలేట్టు తీసిన గుంత ఇంకోటి లేదు. మామ చూస్తే మెచ్చుకుంటాడనుకున్నాను. మరుక్షణం సంగతి గుర్తొచ్చి, బండిలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

దాన్నంతా ఎవరో పుణ్యాత్ముడు ఫోనులో వీడియో తీసి ఊళ్లకు ఊళ్లు పంచాడు. పంతులు గారు ఫోన్ చేసి, "ఆ జరీ అంచు బండే గదా నీది? ఏమనుకోకు నాయనా, బొంద తీసిన బండి కొత్తింటి ముందట అంటే మా ఇంట్లో ఒప్పుకుంటలేరు," అన్నారు. అంచు విప్పేశాను. రంగు మార్చాను. ఏం లాభం? తోటకు పిలిచేవాడు లేడు. అయిజ నుంచి, మల్దకల్ నుంచి మాత్రం "అన్నా, మా తాత పోయిండు, జర జల్ది రావాలె" అని ఫోన్లు. ఏడుస్తున్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడానికి చెయ్యి రాదు. చివరికి మా వీధిలో ఏ ముసలాయన దగ్గినా పక్కనున్నవాళ్లు నావైపు చూసేవాళ్లు. మామ చెప్పినట్టే బండి ఇంటిముందు కూర్చుని నా మొఖమే చూసేది.

చివరికి రాయచూరు అవతల, దాని చరిత్ర తెలియని ఒకాయనకు అయినకాడికి అమ్మేశాను. ఆ డబ్బుతో గాజులు విడిపించలేనని అమ్మకు చెప్పాను. మగ్గం దిగకుండానే అమ్మ అంది: "పోతే పోయినయ్ తియ్. నా గాజులు మా అన్నను ఎండకు ఎండనియ్యలే. గంతకన్న ఏం గావాలె?"

ఇప్పుడు నాదంతా కిరాయి బండే. కొత్తింటి యజమాని దాన్ని అనుమానంగా చూసి, "ఇది ఏడేడ తవ్వొచ్చిందో ఏందో?" అంటాడు. "కిరాయి బండి సార్, నాకేం ఎరుక?" అంటాను. ఆయన మనసు కుదుటపడుతుంది. కిరాయిలో ఇంత సుఖం ఉందని మామ కూడా ఎన్నడూ చెప్పలేదు పాపం. సొంత బండి అని మురిసిపోయిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా వాణ్ణి తిట్టబుద్ధి కాదు. కిరాయి కిరాయి అని జీవితమంతా పోరుపెట్టిన మామకు, ఆఖరి పని సొంత బండితోనే చేశాడు వాడు.