అంటుకుంది

పొద్దున్నే పేపర్లో, ఒంటి మీది మామూలు చర్మకణానికి అది చేసే పని మరిపించి మళ్ళీ మూలకణంగా మార్చే విద్య గురించి చదివి, అలాంటి కణాలకు ఒకసారి చావు తప్పించింది నేనేనని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాను. కొంచెం సాగదీశాను లెండి. ల్యాబు హైదరాబాదులో ఉన్న మా మేనకోడలిది, కణాలు మా చెల్లెలివి, నాది ఫోను మాత్రమే.

మా అమ్మకు వచ్చిన కంటి జబ్బే మా చెల్లెలికీ వచ్చి, నడివయసుకే చూపు మసకబారింది. తర్వాత తన వంతేనని మేనకోడలికి భయం. తల్లి చేతి నుంచి చిటికెడు చర్మం తీసుకుని, ఆ కణాల మీద వయసు వేసిన గుర్తులు చెరిపి, పసితనానికి తిప్పి, అక్కడి నుంచి కంటికణాలుగా పెంచితే జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుందని ఆ పిల్ల ఆశ. ఇంతలో మా చెల్లెలు జ్వరంతో పోయింది. ఇక మిగిలిన తల్లి ల్యాబులో ఆ కణాలు పెంచుతున్న సీసాల్లోనే ఉంది.

కడియం నర్సరీలో పెరిగినవాణ్ణి, అంటు కట్టాక మేము అడిగే మాట ఒక్కటే కదా, ఫోన్లోనూ రోజూ అదే అడిగేవాణ్ణి, అంటుకుందా అని. ఒక సాయంత్రం పీలగొంతుతో, "అంటుకుంది మావయ్యా, అన్నిటికీ అంటుకుంది" అంది. మిగతాది వినకుండా పెట్టేసి, కాజాలు కొని వీధంతా పంచి వచ్చాను. వచ్చేసరికి మళ్ళీ ఫోను. అంటుకున్నది బూజు. సీసాలన్నీ పాడయ్యాయి.

అప్పుడు నేను నిబ్బరంగా, అరుదైన మొక్క అంటును మనం పక్క తోటకూ ఒకటి ఇచ్చి ఉంచుతాం గదమ్మా, నువ్వూ ఎవరికైనా ఇచ్చావేమో చూసుకోమన్నాను. స్నేహితురాలి ల్యాబులో ఒక సీసా ఉందని దానికప్పుడు గుర్తొచ్చింది. అది తెరిచి చూసి చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ సీసా తేటగా ఉంది. కంటికణాలు అందులోంచే పెరిగాయి. పిల్లకు చూపు ఇంకా బాగానే ఉంది, భయం మాత్రం పోలేదు.

ఇప్పుడు మా కడియంలో పక్క తోటకు అంటు ఇచ్చేవాళ్ళు లేరు. ఎవరి షేడ్‌నెట్టు కింద వాళ్ళ మొక్కలు. అంటుకుందా అని ఎవరైనా అడిగితే, ఏది అని అడగబోయి ఆగిపోతుంటాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"నిబ్బరమేంటండీ," అంది. "అది ఏడుస్తుంటే ఫోను నా చేతిలో పెట్టి పెరట్లోకి పోయారు. ఎవరికైనా ఇచ్చావా అని అడిగింది నేను."