తలుపు మీద బెత్తెడు నలుపు

మా ఆయన పోయింది 1961 మార్చి తొమ్మిదిన. ఆయన ఏడేళ్లు నడిపిన నల్ల కారు తాండూరులో మా ఇంటి ముందు పదకొండు నెలలు ఎండలోనే నిలబడింది. మరుసటి ఫిబ్రవరిలో ఒక డ్రైవరు వచ్చి, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతానన్నాడు. ఆ కిరాయి తప్ప నాకూ నా ఇద్దరు బిడ్డలకూ వేరే ఆధారం లేదు. పైకప్పు, బానెట్టు సున్నం పూసినట్టు తెల్లబారి ఉన్నాయి. అతను వేలితో గీసి చూశాడు.

"గిట్లుంటే పెండ్లికొడుకు ఎక్కుతడా అమ్మా? శుక్రవారం మళ్లొస్త. మెరిస్తే తీస్కపోత."

అది శనివారం. ఆరు రోజులున్నాయి.

మా మరిది నాపరాళ్లు నునుపు చేసే షెడ్డులో పనిచేసేవాడు. "ఫికర్ చెయ్యకు వదినె. బండలల్లనే మొకం కనవడేటట్టు రుద్దెటోన్ని, గీ రేకెంత?" అన్నాడు. ఆదివారం రాళ్లకు వాడే పొడి తెచ్చి, తడి గోనెగుడ్డతో బానెట్టును గుండ్రంగా రుద్దాడు. నీడలో నల్లగానే కనిపించింది. ఎండ పడగానే బానెట్టంతా సన్నని గీతలు, ఒకదాని మీద ఒకటి సున్నాలు. మరిది గోనెగుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ రోజుల్లో నాకు కోపం కూడా వచ్చేది కాదు.

సోమవారం పొద్దున రైల్లో వికారాబాద్ వెళ్లాను. స్టేషను వెనక కార్లకు రంగులు వేసే ముసలి మిస్త్రీ మా ఆయనకు తెలిసినవాడు. జరిగింది చెప్పాను.

"రాయిని ఎంత అరగదీసినా లోపట రాయే ఉంటది బేటీ. కారు రంగు ఉల్లిపొరంత. అది పోతే రేకే," అన్నాడు. "తెల్లగున్న కాడ గుడ్డతోని తుడిస్తే గుడ్డకేమంటింది?"

"నల్లగ అంటింది చాచా."

"అట్లైతే రంగు పైన సచ్చింది, కింద బతికే ఉంది. పరేషాన్ గాకు."

రెండు డబ్బాలిచ్చాడు. ఒకదానిలో గరుకు పాలిష్, రెండోదానిలో మెత్తటిది.

"ముందుగాల మెత్తదే. ఎవ్వలు చూడని కాడ అరచెయ్యంత రుద్ది చూడు. దానితోని కాకుంటేనే గరుకుది. గరుకుది వెట్టిన కాడ మళ్ల మెత్తది వెట్టాలె. నీడల, రేకు సల్లగున్నప్పుడు, పొడుగ్గ రుద్దు. అంచుల మీద జోర్ చెయ్యకు."

"ఎప్పుడు ఆపాలె?"

"పాత మెరుపు ఏడనో ఓ కాడ మిగిలుంటది. దానికి సమానమైనంక ఆపు."

మంగళవారం వెతికాను. డ్రైవరు వైపు తలుపు మీద, పిడికి నాలుగు వేళ్ల ఎత్తున, బెత్తెడు మేర నల్లగా ఉంది. కారు నడుపుతూ ఆయన మోచేయి బయటపెట్టి ఆనించే చోటు. చొక్కా చేయి రాసుకుని రాసుకుని అక్కడ మాత్రం తెల్లదనం పట్టలేదు. ఒక్క గీత కూడా లేదు.

రోజూ పొద్దున ఇంటి నీడ కారు మీద ఉన్నంతసేపు పనిచేశాను. వెనక చక్రం పక్కన మెత్తటిది పెట్టి చూస్తే రంగు తేలింది. పైకప్పుకు అది రెండుసార్లు సరిపోయింది. బానెట్టు మీది సున్నాలు మూడుసార్లకూ పోలేదు. అక్కడ గరుకుది ఒకసారి, దాని మీద మెత్తటిది రెండుసార్లు. బానెట్టును జానెడు జానెడుగా పంచుకుని, ఒక్కో జానెడు కాగానే తలుపు దగ్గరికి వెళ్లి ఆ చోటు చూసి వచ్చేదాన్ని. సమానం కాకపోతే మళ్లీ రుద్దేదాన్ని. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చేతులు నొప్పి పుట్టాయి, అంతే.

గురువారం చివరికి ఆ తలుపే మిగిలింది. ఆ బెత్తెడు ముట్టుకోకుండా చుట్టూ రుద్దాను.

శుక్రవారం డ్రైవరు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ఎండలో వంగి బానెట్టు చూశాడు.

"ఎవలు జేసిన్రమ్మా?"

"నేనే."

"మస్తుంది. తాళంచెయ్యి ఇయ్యి."

తాళంచెవి ఇచ్చే ముందు తలుపు దగ్గరికి వెళ్లాను. ఆ చోటు కనిపించలేదు. పిడి నుంచి నాలుగు వేళ్లు కొలిచి అరచేయి ఆనించాను. చేతి కింద నలుపే, పక్కనా నలుపే. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియలేదు.

"ఏమన్న మిగిలిందా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

లేదని చెప్పి తాళంచెవి ఇచ్చాను. అతను కూర్చుని, మోచేయి తలుపు మీద ఆనించి, కారు తీశాడు.