హారన్ కొట్టని వెర్నా

అమెరికాలోని మోంటానాలో మంచు పడే నెలల్లో వెర్నా థీల్ బండి నడపడం చూసినవాళ్లు ఆమెకు అరవై దాటాయంటే నమ్మరు. మానసిక వైద్యం కోసం మాజీ సైనికుల్ని దూరాన ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యాను అది. జీతం లేదు గానీ రూలు మాత్రం ఉంది. ఇంటి ముందు రెండుసార్లు హారన్ కొట్టాలి, మనిషి రాకపోతే వెళ్లిపోవాలి, గుమ్మం దాకా పోకూడదు.

ఆ రూలే మాజీ సైనికుడైన ఆమె భర్త గస్‌ను పొట్టన పెట్టుకుంది. ఓ రోజు గస్ బయటికి రాకపోతే, అప్పటి డ్రైవరు హారన్ కొట్టి వెళ్లిపోయాడు. చెడ్డవాడేం కాదు, చెప్పింది చేశాడంతే. సాయంత్రం వెర్నా పని నుంచి వచ్చేసరికి గస్ కుర్చీలోనే పోయి ఉన్నాడు. మాత్రలూ మద్యమూ కలవడంతో ప్రమాదవశాత్తూ జరిగిందని అధికారులు తేల్చారు. నిజంగా ప్రమాదమో, కావాలనే చేసుకున్నాడో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఆమెను కాల్చుకు తింటుంది. ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, చివరికి వెళ్లి ఆ వ్యాను తాళాలే అడిగి తీసుకుంది.

ఈ చలికాలం ఒక ఉదయం, వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగినా రాయిస్ బయటికి రాలేదు. అఫ్గానిస్తాన్‌లో పనిచేసి వచ్చినవాడు, ఒంటరిగా ఉంటాడు. వెర్నా హారన్ కొట్టకుండా దిగి తలుపు తట్టింది.

"జలుబు చేసింది మేడమ్. మీరు వెళ్లండి," అన్నాడు లోపలి నుంచి.

గస్ కూడా చివరి రోజుల్లో అందరికీ జలుబనే చెప్పేవాడు. వెర్నా మెట్టు మీది మంచు చేత్తో తోసేసి కూర్చుంది.

వియత్నాంలో కాలు పోగొట్టుకున్న ముసలి హార్లన్ వ్యానులోంచి సణుగుడు మొదలుపెట్టాడు. తన డాక్టరు వెళ్లిపోతాడనీ, ఈవిడ మొండితనానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదనీ తిట్టాడు. తిడుతూనే చంకకర్రలతో వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఒరేయ్ రాయిస్, నాకున్నది ఒకటే కాలు. అదీ గడ్డకడితే పూచీ నీదే," అన్నాడు.

వెర్నా తలుపు వైపు జరిగి చెవి ఆనించింది.

"మాట్లాడొద్దులే నాయనా. ఉన్నావని తెలిస్తే చాలు. తలుపు మీద ఒక్కసారి కొట్టు," అంది.

కాసేపటికి లోపలి నుంచి చిన్న చప్పుడైంది. ఆ తర్వాత తలుపు తెరుచుకుంది. రాయిస్ మేజోళ్లతోనే నిలబడి, మాత్రల సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మీ దగ్గరుంచండి మేడమ్. ఇంట్లో వద్దు."

ఆమె సీసా జేబులో వేసుకుని, బూట్లు తొడుక్కోమంది.

ఆసుపత్రి చేరేసరికి రాయిస్‌ను డాక్టరు చూడాల్సిన వేళ దాటిపోయింది. వచ్చే నెల రమ్మంది కౌంటరు దగ్గరి అమ్మాయి. వెర్నా కోటు విప్పి కుర్చీకి తగిలించి, రాయిస్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇతన్ని డాక్టరు చూసేదాకా మా వ్యాను కదలదమ్మా," అంది.