పెంటప్ప బేఫికర్

షోలాపూర్ భవానిపేటలో మగ్గం నేసే పెంటప్పకు దేవుడు అన్నీ ఇచ్చి, దిగులు ఒక్కటి ఇవ్వడం మరిచిపోయాడు. ఏం చెప్పినా దిగులెందుకన్నట్టు "బేఫికర్" అనేవాడు. షోలాపూర్‌కు వలస వచ్చినప్పుడు మొగుడు మూటగట్టి తెచ్చుకున్న ఆస్తి ఆ మాటొక్కటేనని భార్య పార్వతీబాయి ఎత్తిపొడిచేది.

"ఏమయ్యా, పొయ్యి మీద కప్పు కురుస్తున్నది!"

"బేఫికర్. పప్పుల నీళ్ళు తక్వైనయని నువ్వే అంటివి గద."

"మేనకోడలి లగ్గానికి బండి ఎల్లిపోతదయ్యా!"

"బేఫికర్. బండి పోతె పట్టాలు పోతయా?"

బండి నిజంగానే వెళ్ళిపోయింది. తలంబ్రాలు అయ్యాక చేరినా, భోజనాల బంతిలో మాత్రం పెంటప్ప అందరికంటే ముందు కూర్చున్నాడు.

ఆ మాటకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే, "ఇంట్ల ఫికరంత నేనే పడాలెనని" అనేది పార్వతీబాయి.

ఆ ఏడు పక్కింట్లోకి సిరిసిల్ల నుంచి సిద్ధరాములు కొత్త కాపురం పెట్టాడు. షావుకారు నమ్మి అతనికి మొదటి పడుగు, మగ్గానికెక్కించే నిలువు పోగులు, ఇచ్చాడు. చెడితే రెండోది ఇవ్వడు, మళ్ళీ ఊరికి మూట కట్టుకోవడమే. ఒక పొద్దున గల్లీలో రెండిళ్ళ పడుగులూ పక్కపక్కన చాపి, గంజి పెట్టి కుంచెలు లాగుతుంటే మబ్బు పట్టింది.

"కాకా, వాన పడ్తదేమో!"

"బేఫికర్."

అన్నాడో లేదో, చినుకులు మొదలయ్యాయి. తడిస్తే గంజి కారి పోగులన్నీ అట్టకడతాయి. పార్వతీబాయి ఎండాకాలమంతా కూర్చుని కుట్టిన పొడుగాటి గోనెపట్టా తెచ్చి మొగుడి చేతికిచ్చింది. పెంటప్ప పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం పేటలో ఎవరూ ఎరగరు. ఎవరిల్లో అంటుకుందనుకుని ఎదురింటి దత్తాత్రి వానలో బిందెడు నీళ్ళు మోసుకొచ్చాడు. పెంటప్ప పట్టా పట్టుకెళ్ళి సిద్ధరాములు పడుగు మీద కప్పేశాడు. తమ పడుగు పార్వతీబాయి కళ్ళముందే నానిపోయింది.

వాన వెలిశాక సిద్ధరాములు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "కాకా, మీ పడుగు..."

"బేఫికర్ బిడ్డా. పో, నీది జూస్కో."

నాలుగు దులుపుదామనే వచ్చింది పార్వతీబాయి. పెంటప్ప వంగి, అతుక్కున్న పోగులను గోటితో విడదీస్తూ గొణుక్కుంటున్నాడు. "గిదంత ఎప్పటికి కావాలె దేవుడా! షావుకారికి ఏం మొకం జూపెట్టాలె!"

పేటంతా పంచిపెట్టే ఆ బేఫికర్‌ను ఆయన తనకోసం పిసరంత కూడా ఉంచుకోలేదు. మొగుడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చి, రెండో కొస దగ్గర కూర్చుని తనూ పోగులు విడదీయసాగింది.

"మెల్లగ, మెల్లగ! తెగుతయే!" పెంటప్ప కంగారుగా అరిచాడు.

పదహారేళ్ళ కాపురంలో ఆయన కంగారు పడగా చూడడం ఆమెకు అదే మొదలు. ఎంత ముద్దొచ్చాడో! ఇంకోసారి చూడాలనిపించి, కావాలనే మరో పోగును కాస్త గట్టిగా లాగింది.