లేవనని మొండికేసిన సీడీ

ఆ రోజుల్లో మా అద్దంకిలో సీడీ కనిపిస్తే జనం దాన్ని వెలుగులో తిప్పి రంగులు చూసి మురిసిపోయేవాళ్లు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండేది. డిగ్రీ అయ్యాక బాబాయి పురుగుమందుల కొట్టు పక్కగదిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టాను (బోర్డు మీద 'సిస్టమ్స్' అని బహువచనంలో రాయించాను గానీ, లోపలున్నది ఒక్కటే). ఊళ్లోని పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కంప్యూటరు చచ్చి ఊరుకుంటే ఆ పని నాకొచ్చింది. బాబాయి తన కొట్లోంచే కేకేసి చెప్పాడు: "ఒరేయ్, పత్తి రాకముందే అది లేచిందా, గది నీది. లేవలేదా, మందు డబ్బాలు పేర్పించేస్తా!"

మామూలుగా అయితే ఫ్లాపీ పెట్టి లేపచ్చు. కానీ మిల్లువాళ్ల ఫ్లాపీ డ్రైవు విప్పితే దిండు కుట్టడానికి సరిపోయేంత దూది బయటికొచ్చింది. ఇక సీడీయే గతి. కావలసిన ఫైళ్లన్నీ సీడీలోకి ఎక్కించి పెడితే కంప్యూటరు దాన్ని గుర్తే పట్టలేదు. సరుకుంటే చాలదట, యంత్రాన్ని ముందు తట్టిలేపే ఫ్లాపీ నకలొకటి ఆ సీడీలో ఉండాలట. దాన్ని బూట్ ఇమేజ్ అంటారు. సరే, నా దగ్గరున్న బూట్ ఫ్లాపీ పెట్టి, దాన్నుంచి నకలు తీసుకోమని సీడీ రాసే ప్రోగ్రాముకి చెప్పాను. అదేమో మధ్యలో ఆగి, ఇక్కడ చదవలేకపోతున్నాను, వదిలేసి ముందుకు పోనా అని అడిగింది. పొమ్మన్నాను. మళ్లీ అడిగింది. పోయి చావమన్నాను. తీరా సీడీ పెడితే నల్లటి తెరమీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నిలబడిపోయింది.

నాకు కోపమొస్తే ఎదుటివాళ్లు కనబడరు. సీడీలు నకిలీవన్నాను, కరెంటాఫీసును తిట్టాను, సీడీ రాసే డ్రైవును గుద్ది చెయ్యి వాయగొట్టుకున్నాను. సీడీ వెనక సీడీ పాడవుతూనే ఉంది. అవతల బాబాయి మనుషులు నా గుమ్మంలో డబ్బాలు దింపడం మొదలుపెట్టారు. ఆ కసిలో ఫ్లాపీని నేలకేసి కొడదామని ఎత్తేసరికి దాని రేకు మూత పక్కకి జరిగింది. లోపల నల్లటి బిళ్ల మీద పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు!

దసరాకి పిన్ని నా దుకాణంలో పూజ చేసింది. స్క్రూడ్రైవరు దగ్గర్నుంచి స్టూలు దాకా అన్నింటికీ బొట్లు పెట్టింది. "పిన్నీ!" అని నేను పెట్టిన కేకకి కొట్లో రైతులు కూడా లేచి వచ్చారు. "దీని లోపల ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

పిన్ని చెక్కుచెదరలేదు. "ఎందుకురా ఆ అరుపులు? పైన పెడితే నువ్వు జేబులో దోపుకుని తుడిచేస్తావు. లోపలైతే నిలుస్తుందని తలుపు జరిపి పెట్టాను."

పళ్లు కొరుక్కుంటూ నా కంప్యూటర్లోంచే ఇంకో బూట్ ఫ్లాపీ తయారుచేసి, సీడీ రాసి మిల్లుకి బయల్దేరబోయాను. గుమ్మంలో పిన్ని అడ్డుపడి, సీడీ లాక్కుని అచ్చువేసిన వైపు బొట్టు పెట్టింది. అది లాక్కుని మిల్లుకి పరిగెత్తాను. మిల్లులో సీడీ పెట్టగానే కంప్యూటరు బుద్ధిగా లేచింది. నేను ఛాతీ విరుచుకునేలోపే యజమాని సీడీ తీసి కళ్లకద్దుకుని, "బొట్టు పెట్టిన సీడీ కదండీ, లేవక చస్తుందా!" అన్నాడు. గది దక్కింది గానీ పేరు మాత్రం నాకు దక్కలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా "మీ పిన్నిగారు బొట్టు పెట్టిందేనా?" అని అడిగేవాళ్లు. ఒక్కొక్కరినీ కరిచినంత పని చేసేవాణ్ణి.

ఇప్పుడు సీడీలూ లేవు, ఫ్లాపీలూ లేవు. పిన్నికి చూపు ఆనడం లేదు. ఎవరూ అడక్కపోయినా కొత్త పెన్‌డ్రైవు కొంటే తీసుకెళ్లి ఆమె చేతిలో పెడతాను. తడిమి చూసి, "దీనికి ఎక్కడ పెట్టమంటావురా?" అంటుంది.

అదే మాట ఆనాడు అడిగి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ కొంచెం మండుతుంది. "ఎక్కడైనా పెట్టు పిన్నీ" అంటాను.