వడమాలపేట నుంచి మామిడి ఫ్యాక్టరీ దాకా, లగేజీ ఆటోలో

ఇది ఊళ్లు చూడాలన్న సరదాతో మొదలైన ప్రయాణం కాదు. ప్రతి బుధవారం సాయంత్రం తిరుపతిలో మా చర్చి వెనక గదిలో కొంతమందిమి కూర్చుని కతోలిక శ్రీసభ సామాజిక బోధన చదువుకుంటాం. ఆ వారం శ్రమ గౌరవం గురించి చదువుతున్నాం. అంతకు ముందు ఆదివారం పూజలో వడమాలపేట దగ్గరి పల్లెకు చెందిన ఇన్నమ్మ కోసం ప్రార్థించమన్నారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతూ బండిలోంచి పడి ఆమె తుంటి ఎముక విరిగింది. ఆ సంగతి మా గదిలో ప్రస్తావనకు వస్తే అందరం అయ్యో పాపం అనుకుని టీ గ్లాసులు అందుకున్నాం. ఫాదర్ మాత్రం పుస్తకం మూసేశారు. "ముందు ఎవరైనా పోయి చూసి రండి. చూశాక మాట్లాడదాం" అన్నారు. నేనూ, రిటైరైన నర్సు ఫిలోమినా అక్కా పోతామన్నాం.

అనేశాను కానీ, ఆ రాత్రి నుంచే నాకు కుదురు లేదు. ఇన్నమ్మ పడింది చిన్నప్ప అన్న బండిలోంచే. ఆయన మేస్త్రీ, అంటే ఫ్యాక్టరీకి కూలీలను కుదిర్చి, బండిలో చేర్చి, తిరిగి దింపే మనిషి. ఆదివారం పూజలో బైబిలు నుంచి మొదటి పఠనం చదివేది ఆయనే. బుధవారం గదిలో నా పక్క కుర్చీ ఆయనది. ఆయన కూతురు మా స్కూల్లో పదో తరగతి, నేనే తెలుగు చెబుతాను. ఆ బుధవారం ఆయన రాలేదు.

శనివారం తెల్లవారకముందే తిరుపతి బస్టాండులో పుత్తూరు మీదుగా పోయే ఆర్టీసీ బస్సు ఎక్కాం. వడమాలపేటకు టికెట్టు యాభై రూపాయల లోపే, ప్రయాణం ముప్పావు గంట. రేణిగుంట దాటాక రోడ్డుకు రెండు పక్కలా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు కనబడసాగాయి. జూన్ నెల కావడంతో ఆ వేళకే గాలి వేడిగా ఉంది. వడమాలపేటలో దిగి పల్లెకు ఆటో మాట్లాడుకున్నాం. వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్న డ్రైవరు, "ఇంత పొద్దున్నే యాడికి మేడమ్, చర్చి పండగా?" అన్నాడు. ఇన్నమ్మను చూడడానికని చెప్పాను. "ఆ బండిని రోజూ సూస్తా ఉంటా మేడమ్. దాని ఎనకాల పోవాలంటే నాకే బయం. ఎవురు మీద పడతారో తెలీదు" అన్నాడు.

ఇన్నమ్మ వసారాలో మంచం మీద ఉంది. యాభై దాటిన మనిషి. ఫిలోమినా అక్క కాలు పట్టి చూసి, వేళ్లు కదిలించమని చెప్పి, ఏ మందులు వేసుకుంటోందో అడిగింది. ఎలా పడ్డావమ్మా అని నేను అడిగితే ఇన్నమ్మ కోడలి వైపు చూసింది. కోడలు సగాయమేరి అన్నం టిఫిన్ డబ్బాలో సర్దుకుంటోంది.

"ఇంట్లో జారినానని సెప్పమన్నారమ్మా" అంది ఇన్నమ్మ చివరికి. "ఆస్పత్రిలో అట్నే సెప్పినాం. బండి పేరెత్తితే కేసవతాదంట. బండిని టేసన్లో పెడితే పల్లిలో ఎవురికీ పనుండదంట. చిన్నప్ప ఈడే కూసోని, ఏడస్తానే సెప్పినాడు."

ఆ మాట విననట్టు తిరిగి రావడం కుదరదు. విన్నానని ఒప్పుకుంటే చిన్నప్ప అన్న ముఖం చూడాలి. "ఈరోజు బండిలో నేనూ రావచ్చా?" అని సగాయమేరిని అడిగాను. ఆమె నా చీర వైపు, చెప్పుల వైపు చూసింది. "రాండి టీచరమ్మా. గట్టిగా పట్టుకోవాల మరి" అంది.

ఆరున్నరకు రోడ్డు మీదికి లగేజీ ఆటో వచ్చింది. కూరగాయల మూటలు వేసుకునే బండి. ఇరవై మందికి పైగా ఆడవాళ్లం దాంట్లో నిలబడ్డాం. కూర్చోడానికి చోటు లేదు. వెనక తలుపు గడియ ఊడిపోయి ఉంది, తాడుతో కట్టారు. ఆ తలుపు పక్కన నిలబడేది ఎవరన్నది రోజూ తగువేనట. ఆ రోజు వంతు సగాయమేరిది. హైవే ఎక్కాక బండి వేగం అందుకుంది. పక్కనుంచి చెన్నై లారీ పోయినప్పుడల్లా బండి ఊగింది, మేమంతా ఒక్కసారిగా పక్కకు ఒరిగాం. పట్టుకోడానికి నాకు ఇనుప కమ్మీ అందలేదు. ముక్కూ మొహం తెలియని ఒకామె నా నడుం చుట్టూ చెయ్యి వేసి, "మా మీదికి ఒరిగితే మేలు, బయటికి ఒరగొద్దు" అంది. బ్రేకు పడ్డప్పుడల్లా నేను సగాయమేరి వైపే చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. జపమాల ప్రార్థన మొదలుపెట్టాను, ఒక్క జపమూ పూర్తి కాలేదు.

పుత్తూరు దాటాక ఫ్యాక్టరీ వచ్చింది. ఆడవాళ్లు చీరలు దులుపుకుని లోపలికి పోయారు. ఫిలోమినా అక్క వెనక బస్సులో వచ్చింది. గేటు ఎదురుగా టీ బంకులో ఇడ్లీ తిని కూర్చున్నాం. కాయల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. పండిన మామిడి వాసన, దాంతో పాటే టెంకలు కుళ్లిన వాసన. మధ్యాహ్నం భోజనాల వేళ సగాయమేరి గేటు దగ్గరికి వచ్చింది. తాను మేనేజరుతో మాట్లాడతానని ఫిలోమినా అక్క లేచింది. సగాయమేరి వద్దంది.

"మీరు మాట్లాడి సాయంత్రానికి పోతారక్కా. మేమీడ ఉండాల. మేమే అడుగుతాం. మాట్లాడుకున్నాం కూడా. మీరు ఊరికే ఈడ నిలబడి ఉండండి, సాలు."

ఎవరి బతుకు సంగతి వాళ్లే నిర్ణయించుకోవాలి, పైవాళ్లు దాన్ని లాక్కోకూడదు, అండగా మాత్రం ఉండాలి అని మా బుధవారం గదిలో ఎన్నోసార్లు చదివాం. చదివినప్పుడు తేలిగ్గానే అనిపించింది. ఇక్కడ ఊరికే నిలబడడమంత కష్టమైన పని ఇంకోటి లేదనిపించింది. మధ్యాహ్నమంతా గడియారం చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు తిరుపతి బస్సు వచ్చి ఆగింది. రెండుసార్లూ ఎక్కి వెళ్లిపోదామా అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి బండి వచ్చింది, దాని వెనకే బైకు మీద చిన్నప్ప అన్న. నన్ను చూసి దిగాడు. "ఏం టీచరమ్మా, ఈడుండారు?" అన్నాడు. ఇన్నమ్మను చూసి వస్తున్నామన్నాను. ఆయన గేటు వైపు తిరిగాడు.

ఆడవాళ్లు బయటికి వచ్చారు. పెద్దవాళ్లు ముందు ఎక్కి బండిలో కింద కూర్చున్నారు. కూర్చోడానికి చోటు అయిపోగానే మిగిలినవాళ్లు ఎక్కకుండా గేటు పక్కన నిలబడిపోయారు.

"ఎక్కండి మే, పొద్దు పోతాండాది" అన్నాడు చిన్నప్ప అన్న.

"అన్నా, మేం రెండో ట్రిప్పుకు వస్తాం" అంది సగాయమేరి.

"రెండో ట్రిప్పుకు డీజిలు ఎవురు పోస్తారు? కంపెనీ ఒక ట్రిప్పుకే ఇస్తాది. నేను యాడ తెచ్చేది?"

నిలబడినవాళ్లు గేటు పక్కనుంచి కదలలేదు.

"సరే. రేపట్నించి ఇంకో పల్లి నుంచి ఆళ్లను తెచ్చుకుంటా. మీరు ఇంట్లో కూసోండి."

నిలబడినవాళ్లలో ఒకామె తల వంచుకుని పోయి బండి ఎక్కి, తలుపు దగ్గర నిలబడింది. ఆమెకు ముగ్గురు పిల్లలట. సగాయమేరి ఆమెను ఆపలేదు. మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోతారేమో, ఈమె ఒక్కతే మిగులుతుందేమో అనుకున్నాను. చిన్నప్ప అన్న నా వైపు తిరిగాడు.

"మీరు నేర్పించినారా ఇదంతా?"

"లేదు చిన్నప్పన్నా" అన్నాను. "కానీ ఇన్నమ్మ ఇంట్లో జారలేదని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే అదే చెప్తాను."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. బైకు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. ఆయనా నాలాగే భయపడుతున్నాడని అప్పటిదాకా నాకు తోచలేదు. తర్వాత డ్రైవరుతో, "వీళ్లను దింపేసి మళ్లీ రా అబ్బా. నిదానంగా పో" అన్నాడు. బండి ఎక్కి నిలబడినామె దిగి వచ్చి మళ్లీ మా పక్కన నిలబడింది.

రెండో ట్రిప్పులో అందరం కూర్చునే పోయాం. వడమాలపేటలో తిరుపతి బస్సు దొరికింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. వారం తిరిగేలోపు ఫాదర్‌ను వెంటబెట్టుకుని చిన్నప్ప అన్నే పోలీసు స్టేషనుకు పోయి జరిగింది చెప్పాడు. ఆయన భయపడినట్టే బండిని కొన్నాళ్లు అక్కడ ఉంచేసుకున్నారు. ఆ రోజుల్లో పల్లె ఆడవాళ్లు బస్సుల్లో పోయారు, కొందరు పనే మానుకున్నారు. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బండి తిరిగొచ్చాక సీజను అయిపోయేదాకా రెండు ట్రిప్పులు తిరిగింది. సగాయమేరిని మాత్రం ఆ ఫ్యాక్టరీలోకి మళ్లీ రానివ్వలేదు. ఆమె ఇప్పుడు ఇంకో చోట పని చేస్తోంది. ఇన్నమ్మ చేతికర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తోంది. చిన్నప్ప అన్న చర్చిలో పఠనం చదవడం మానేసి చివరి బెంచీలో కూర్చుంటున్నాడు. నాతో మాట్లాడడు. క్లాసులో ఆయన కూతురు నేను ప్రశ్న అడిగితే తల వంచుకునే జవాబు చెబుతుంది. అది చూసినప్పుడల్లా నాకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ కొన్ని రోజులు నిద్ర పట్టదు. న్యాయం పక్షాన నిలబడితే మనసుకు శాంతి దొరుకుతుందని ఎందుకో అనుకునేదాన్ని. నాకైతే దిగులే ఎక్కువ దొరికింది. అయినా ఆ దిగులు ఇన్నాళ్లూ ఆ ఆడవాళ్లు రోజూ పొద్దున్నే తలుపు పక్కన నిలబడి ఒంటరిగా మోసినదే. ఇప్పుడు అందులో కాస్త నా వంతుకూ వచ్చింది. మేం చదువుకునే సంఘీభావం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ప్రస్తుతానికి ఇంతే. మళ్లీ మామిడి కాపు మొదలయ్యేలోగా కంపెనీవాళ్లతో రెండు ట్రిప్పులకు ఒప్పందం కుదరాలి. ఫాదరూ ఆడవాళ్లూ తిరుగుతున్నారు, ఇంకా కుదరలేదు.

మామిడి కాపు రోజుల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య తిరుపతి–పుత్తూరు రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు ఒక మాట. మీ ముందు మనుషులు నిలబడిన లగేజీ ఆటో కనబడితే హారను కొట్టి తొందరపెట్టకండి. బాగా దూరం ఉంచి, వేగం తగ్గించి, దాని వెనకాలే నిదానంగా పోండి.